పేరుగలవారి బిడ్డల పేర్లు, ఇంటిపేరు ఎంపిక

తెలుగుభాషలో 'పేరు' అను మాటకు రెండర్థములు కలవు. మనిషిని పిలుచుటకై పెట్టెడి గుర్తు ఒకటి, కీర్తి రెండవది. "అతడు పేరు తెచ్చుకొనెను" అన్నప్పుడు ఈ రెండవ యర్థమే మన మనస్సునకు దోచును. మొదటి పేరు తల్లిదండ్రు లిచ్చునది. రెండవది ఎవరికి వారు సంపాదించుకొనవలసినది. ఈ రెండును ఒక్కచోట కలిసినప్పుడు, అనగా పేరుగలవారు తమ బిడ్డకు పేరు పెట్టినప్పుడు, లోకమంతయు దానినిగూర్చి మాటలాడును. కొందఱు మెచ్చుకొందురు, కొందఱు నవ్వుదురు, కొందఱు "ఇదియేమి పేరు?" అని ముక్కున వేలు వేసికొందురు. ఆ మాటలలో న్యాయమెంత, అన్యాయమెంత యని విచారించుట యీ పాఠము యొక్క ఉద్దేశము.

విద్యార్థులారా, ఇది వినోదమునకు మాత్రమే చెప్పెడి విషయము కాదు. ప్రతి సంవత్సరమును మన తరగతులలో హాజరు పిలుచునప్పుడు ఏదో యొక పేరు వినగానే వెనుక బల్లలనుండి నవ్వు వినవచ్చుచుండును. ఆ పేరు గల బాలుడో బాలికయో తల వంచుకొని "హాజరు" అని నెమ్మదిగా పలుకును. ఆ నవ్వు రెండు క్షణములలో ఆగును. తల వంచుకొన్న వారికి మాత్రము ఆనాడంతయు ఆగదు. కావున పేరెట్లు పుట్టును, ఇంటిపేరు ఎవరిది, క్రొత్త పేరు వినినప్పుడు మనము నడచుకొనవలసిన తీరెట్టిది యను మూడు ప్రశ్నలను వరుసగా పరిశీలింతము.

1. మన పరిసరములే మొదటి పాఠము

మనము నిత్యము నడచెడి త్రోవలలోనే పేర్ల చరిత్ర కలదు. ఆబిడ్సు అను పేరు ఆల్బర్టు ఆబిదు అను నొక వర్తకునిది. అతడు ఆఱవ నిజామగు మహబూబ్ అలీ ఖానుగారి కొలువులో నుండి, ఇచ్చట అంగడి పెట్టెను. అంగడి పోయినను పేరు నిలిచినది. చాదర్‌ఘాట్ వంతెనను 1831లో కట్టించిన కర్నలు ఓలిఫెంటు పేరిట దానిని ఓలిఫెంటు వంతెన యని కాగితములలో వ్రాసిరి. కాని జనులు దానిని చాదర్‌ఘాట్ వంతెన యనియే పిలిచిరి. నేటికిని అట్లే పిలుచుచున్నారు. అంగడివాని పేరు పేటకు నిలిచినది. వంతెన కట్టించిన దొర పేరు వంతెనకు నిలువలేదు. దీనినిబట్టి తెలియున దేమనగా, పేరు పెట్టువా రొకరు, దానిని నిలుపువారు మఱొకరు. పెట్టినంత మాత్రమున పేరు బ్రతుకదు. పదిమంది నోట పలుకబడినప్పుడే బ్రతుకును.

2. మన పూర్వులు పెట్టిన 'వింత' పేర్లు

వింత పేర్లు నేటి కాలపు వ్యామోహమని పెక్కుమంది తలంతురు. అది సరికాదు. పెంటయ్య, పుల్లయ్య, తవిటయ్య, పిచ్చయ్య, పిచ్చమ్మ అను పేర్లు మన పల్లెలలో వినని వారెవరు? పుట్టిన బిడ్డలు పుట్టినట్లే పోవుచుండగా, తరువాతి బిడ్డనైనను దక్కించుకొనవలెనని తల్లి ఆ శిశువును పెంటకుప్పపై నొక క్షణముంచి తీసికొని పెంటయ్య యనెను. ఎంగిలి విస్తరాకులపై, అనగా పుల్లాకులపై, నుంచి తీసికొనిన బిడ్డ పుల్లయ్య యయ్యెను. ఇరుగుపొరుగువారికి బిడ్డనిచ్చి, పిడికెడు తవుడునకు మరల కొనుక్కొన్న బిడ్డ తవిటయ్య యయ్యెను. బిడ్డ విలువలేనిదని తోచినచో మృత్యువు దానివైపు చూడదని వారి నమ్మకము. నేడు మనము ఆ నమ్మకము నంగీకరింపకపోవచ్చును; కాని ఆ పేరు వెనుకనున్న తల్లి భయమును, తల్లి ప్రేమను ఎవరు కాదనగలరు? పెంటయ్య యను పేరు విని నవ్వెడివాడు నిజమున కొక తల్లి కన్నీటిని చూచి నవ్వుచున్నాడు.

బైబిలునందును ఇట్టి సంగతి కలదు. ఆదికాండము 35వ అధ్యాయములో రాహేలు ప్రసవవేదనలో ప్రాణము విడుచుచు బిడ్డకు బెనోని యని పేరు పెట్టెను. నా దుఃఖపు కుమారుడని దాని యర్థము. తండ్రియగు యాకోబు ఆ పేరు నుంచక బెన్యామీను అని పిలిచెను. ఒకే బిడ్డకు తల్లి తన శోకమును పేరుగా నిచ్చెను. ఆ శోకము బిడ్డ జీవితమంతయు వెంటాడరాదని తండ్రి దానిని మార్చెను. ఇరువురిదియు ప్రేమయే.

మ్రొక్కుబడి పేర్లు మఱొక రకము. దర్గాలకు మ్రొక్కుకొని బిడ్డను బడసిన హిందూ కుటుంబములవారు మస్తానయ్య, హుసేనయ్య, పీరయ్య, ఫకీరయ్య, దస్తగిరి యని పేర్లు పెట్టుట తెలుగుదేశమునందంతటను కలదు. అరబ్బీ పారసీక పదమునకు తెలుగు 'అయ్య' చేరినది. ఎవరును దానిని వింత యనరు. క్రైస్తవ కుటుంబములలో యోహాను, పౌలు, మార్కు మొదలగు బైబిలు పేర్లతోబాటు దేవసహాయము, ఆశీర్వాదము, ఆనందము, కరుణమ్మ, దయామణి యను సంస్కృతపు పేర్లును వెలసినవి. 1895లో వినుకొండలో పుట్టిన మహాకవి గుఱ్ఱము జాషువ పేరును చూడుడు. జాషువ యనునది హీబ్రూ భాషనుండి వచ్చినది. గుఱ్ఱము అచ్చ తెలుగు ఇంటిపేరు. ఈ రెండును కలిసిన ఆ పేరు నేడు తెలుగువారికి చెవికింపైన పేరు. దానిని ఇంపుగా చేసినది శబ్దము కాదు, ఆయన కవిత్వము.

తరువాత దేశనాయకుల పేర్లు వచ్చినవి. గాంధి, నెహ్రూ, బోసు అనునవి వారి వారి కుటుంబనామములు. గాంధి యను మాటకు గుజరాతీలో పచారీ వర్తకుడని యర్థము. అట్టి కుటుంబనామములను మన వారు బిడ్డలకు సొంత పేర్లుగా పెట్టిరి. అఱెకపూడి గాంధి, జ్యోతుల నెహ్రూ, పిల్లి సుభాష్ చంద్రబోసు అను రాజకీయ నాయకుల పేర్లు మన మెఱిగినవే. ఒకచోటి ఇంటిపేరు మఱొకచోట మనిషి పేరగుట భాషలకు సహజము.

3. ఇంటిపేరు ముందుండుటకు కారణము

ఇప్పుడు ఇంటిపేరును విచారింతము. తెలుగువారి ఇంటిపేర్లలో పెక్కులు ఊళ్ల పేర్లనుండి వచ్చినవి. వ్యాకరణము చదివిన విద్యార్థులకు ఊరు అను శబ్దము షష్ఠియందు 'ఊరి' యగునని తెలియును. కందుకూరు నుండి కందుకూరి, టంగుటూరు నుండి టంగుటూరి, నందమూరు నుండి నందమూరి యగుట ఈ సూత్రము చేతనే. కందుకూరి వీరేశలింగము అనగా కందుకూరునకు చెందిన వీరేశలింగమని యర్థము. విశేషణము విశేష్యమునకు ముందుండుట తెలుగు వాక్యపద్ధతి. కావుననే మన ఇంటిపేరు మొదట నిలుచును. ఇంగ్లీషు వాడుకను అనుసరించి దానిని చివరకు జరిపినచో అది కేవల మొక గుర్తుగా మిగులును గాని, దాని లోపలి యర్థము మఱుగుపడును.

ఊరు విడిచి ఎంత దూరము పోయినను ఊరి పేరు వెంట వచ్చును. సర్వేపల్లి రాధాకృష్ణగారు 1888లో తిరుత్తణిలో పుట్టిరి. వారి పూర్వుల ఊరగు సర్వేపల్లి నెల్లూరు సీమలోనిది. చెట్ల పేర్లును ఇంటిపేర్లగును. 1901లో ఈ నగరమందు శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయమును స్థాపించిన వారిలో ముఖ్యులగు రావిచెట్టు రంగారావుగారి పేరు అట్టిది. ఉద్యోగముల పేర్లును ఇంటిపేర్లగును. కరణము, పట్వారి యనునవి యట్టివి.

ఇంటిపేరు మాఱనిదని తలంపకుడు. 1952 నుండి 1956 వఱకు హైదరాబాదు రాష్ట్రమునకు ముఖ్యమంత్రిగా నుండిన బూర్గుల రామకృష్ణారావుగారి అసలు ఇంటిపేరు పుల్లంరాజు. బూర్గుల వారి గ్రామము. లోకము వారిని గ్రామము పేరుతోనే యెఱిగినది. 1967లో హైదరాబాదులో పుట్టి, 2014లో మైక్రోసాఫ్టు సంస్థకు ముఖ్యాధికారి యైన సత్య నాదెళ్లగారి తండ్రి పేరు బుక్కాపురము నాదెళ్ల యుగంధర్. తండ్రి పేరున ముందున్న రెండింటిలో నొకటి మాత్రము కుమారుని పేరునకు చివర నిలిచినది. ఈ విధముగా ఇంటిపేరు కాలమునుబట్టియు దేశమునుబట్టియు స్థానము మార్చుకొనుచున్నది.

4. నాంపల్లి త్రోవలోని యొక గృహము

పేరుగలవారి బిడ్డల పేర్లకు చక్కని దృష్టాంతము మన పాఠశాలకు సమీపముననే కలదు. నాంపల్లి స్టేషను రోడ్డులో 'గోల్డెన్ థ్రెషోల్డ్' అను గృహమున్నది. అది అఘోరనాథ చట్టోపాధ్యాయగారి నివాసము. ఆయన వంగదేశీయుడు, ఎడింబరో విశ్వవిద్యాలయమున శాస్త్రమున డాక్టరు పట్టము పొంది హైదరాబాదునకు వచ్చి, ఇచ్చటి కళాశాలకు ప్రధానాచార్యుడయ్యెను. ఆయన బిడ్డల పేర్లను వరుసగా చదువుడు: కుమార్తెలు సరోజిని, మృణాళిని, సునలిని, సుహాసిని, కుమారులు వీరేంద్రనాథుడు, భూపేంద్రనాథుడు, రణేంద్రనాథుడు, హరీంద్రనాథుడు. కుమార్తెల పేర్లన్నియు 'ఇని' యని ముగియును. కుమారుల పేర్లన్నియు 'ఇంద్రనాథ' యని ముగియును. పేరు వినగానే ఇది యే యింటి బిడ్డయో తెలియునట్లు కూర్చిన పద్ధతి యిది.

1879 ఫిబ్రవరి 13న ఈ నగరమందే పుట్టిన సరోజిని 1898లో మచిలీపట్నము సీమకు చెందిన వైద్యుడు గోవిందరాజులు నాయుడుగారిని వివాహమాడెను. వధువు వంగ బ్రాహ్మణ కుటుంబమునకు చెందినది. వరుడు తెలుగువాడు, వేఱు కులమువాడు. ఆ కాలమున అది గొప్ప సాహసము. మద్రాసులో 1872వ సంవత్సరపు మూడవ శాసనము ననుసరించి ఆ వివాహము జరిగెను.

ఇచ్చట ఇంటిపేరు విషయమున నొక విశేషము గమనింపవలెను. నాయుడు అనునది ఇంటిపేరు కాదు. పేరు చివర చేరెడి గౌరవపదము, కులసూచకము. తెలుగు వాడుకలో అది పురుషుల పేర్లకే చేరును. స్త్రీల పేర్లకు చేరదు. అయినను ఇంగ్లీషు పద్ధతి ననుసరించి ఆ పదమే కుటుంబనామ మయ్యెను. వంగదేశపు కుమార్తెను లోకమంతయు సరోజినీ నాయుడు అని పిలిచెను. ఆమె కుమార్తె పద్మజ పెండ్లి చేసికొనక, పద్మజా నాయుడు అను పేరుతోనే 1956 నుండి 1967 వఱకు పశ్చిమ వంగరాష్ట్రమునకు గవర్నరుగా నుండెను. మొదట వింతగా నుండిన వాడుక రెండు తరములలో చరిత్ర యయ్యెను.

దీనికి ప్రతిబింబమువంటి సంగతి మఱొకటి కలదు. 1909లో రాజమహేంద్రవరమున పుట్టిన తెలుగు వనిత దుర్గాబాయిగారు 1953లో చింతామణి దేశ్‌ముఖ్‌గారిని వివాహమాడి దుర్గాబాయి దేశ్‌ముఖ్ అయిరి. దేశ్‌ముఖ్ అనునది మహారాష్ట్రపు అధికారనామము. వంగదేశపు స్త్రీ తెలుగు గౌరవపదమును, తెలుగు స్త్రీ మహారాష్ట్రపు అధికారనామమును ధరించి, ఆ పదములకే క్రొత్త వెలుగు నిచ్చిరి.

ఇక సరోజినీదేవి బిడ్డల పేర్లు: జయసూర్యుడు, పద్మజ, రణధీరుడు, లీలామణి. ఆనాటి తెలుగిండ్లలో తాతల పేర్లును, దేవుళ్ల పేర్లును వినబడుచుండగా, ఈ పేర్లు కావ్యములలోని పేర్లవలె నుండెను. సరోజిని యనగా తామరతీగె, తామరకొలను. పద్మజ యనగా తామరయందు పుట్టినది. తల్లి పేరునకును కుమార్తె పేరునకును గల సంబంధము అర్థము తెలిసినవారికే గోచరించును. 1905లో వెలువడిన 'గోల్డెన్ థ్రెషోల్డ్' అను ఆమె మొదటి కవితాసంపుటిలో ఈ నలుగురు బిడ్డలను గూర్చిన కవిత కలదు; ఆ సంపుటి పేరే ఇంటికిని నిలిచినది. పెద్దకుమారుడు జయసూర్య హోమియో వైద్యుడై, 1952లో మెదకు నుండి లోకసభకు ఎన్నికయ్యెను. నగరమందలి ప్రభుత్వ హోమియో వైద్యకళాశాల ఆయన పేరును, పొట్టి శ్రీరాములుగారి పేరును ధరించియున్నది. తల్లి పేరు పెట్టెను. కుమారుడు పేరు తెచ్చుకొనెను.

5. ఇటీవలి కాలమున పేరుగల కుటుంబములు

చలనచిత్ర నటుడును, ముఖ్యమంత్రియు నైన నందమూరి తారక రామారావుగారు అఘోరనాథునివలెనే వరుస పాటించిరి. కుమారులకు జయకృష్ణ, హరికృష్ణ, మోహనకృష్ణ, బాలకృష్ణ మొదలుగా 'కృష్ణ' చివరనుండు పేర్లు. కుమార్తెలకు లోకేశ్వరి, పురందేశ్వరి, భువనేశ్వరి, ఉమామహేశ్వరి యని 'ఈశ్వరి' చివరనుండు పేర్లు. ఆయన పేరునే పెక్కుమంది అభిమానులు బిడ్డలకు పెట్టిరి. 1976లో పుట్టిన కల్వకుంట్ల తారక రామారావుగారికి తండ్రి చంద్రశేఖరరావుగారు ఆ యభిమానము చేతనే ఆ పేరు పెట్టిరి.

అల్లు అర్జున్, స్నేహా దంపతులు 2016లో పుట్టిన కుమార్తెకు అర్హ యని పేరు పెట్టిరి. తండ్రి పేరులోని మొదటి భాగమును, తల్లి పేరులోని చివరి యక్షరమును కలిపిన పేరది. అర్హ యనగా యోగ్యురాలను నర్థమును సంస్కృతమున కలదు.

2023 జూన్ నెలలో రామచరణ్, ఉపాసన దంపతులకు కుమార్తె పుట్టగా తాతయగు చిరంజీవిగారు క్లీంకార కొణిదెల యని పేరు ప్రకటించిరి. వెంటనే పలువురు పలువిధముల పలికిరి. పలుకుట కష్టమని కొందఱు, పెద్దయైన తరువాత బడిలో ఎట్లు పిలుతురని కొందఱు, ఎంత పవిత్రమైన పేరని కొందఱు అనిరి. ఆ పేరు లలితాసహస్రనామములనుండి తీసికొన్నదని కుటుంబమువారు తెలిపిరి. 'క్లీం' అనునది శాక్తేయులు జపించెడి బీజాక్షరము. ప్రతి శుక్రవారమును ఆ స్తోత్రమును చదివెడి గృహములలో కూడ 'ఇదియేమి పేరు' అని యడిగినవారుండుట గమనింపదగినది. నామము వింతది కాదు. దానిని బిడ్డకు పెట్టుట మాత్రమే క్రొత్త.

చిరంజీవిగారి తమ్ముడును, 2024 జూన్ నెలలో ఆంధ్రప్రదేశమునకు ఉపముఖ్యమంత్రిగా ప్రమాణము చేసినవారును అగు పవన్ కల్యాణ్‌గారి బిడ్డల పేర్లు ఇంటిపేరు విషయమున మఱింత విచిత్రములు. పెద్దకుమారుని పేరు అకీరా నందన్. అకీరా జపానుదేశపు పేరు, నందన్ మన పేరు. రష్యాదేశీయురాలగు భార్యవలన కలిగిన బిడ్డల పేర్లు పోలెనా అంజనా పవనోవా, మార్క్ శంకర్ పవనోవిచ్. రష్యావారి పద్ధతిలో ప్రతి మనిషికిని సొంత పేరునకు తరువాత తండ్రి పేరునుండి పుట్టిన పేరొకటి యుండును; కుమారునకు 'ఓవిచ్', కుమార్తెకు 'ఓవ్నా' యని చివర చేరును. 'ఓవా' యనునది స్త్రీల కుటుంబనామముల చివర వినబడును. ఆ రష్యను ప్రత్యయములు పవన్ అను మన పేరునకు తగిలినవి. అంజన నాయనమ్మ పేరు. శంకరశబ్దము పెదతండ్రియగు చిరంజీవిగారి అసలు పేరైన శివశంకర వరప్రసాదులో కలదు. వినుటకు పరదేశపు పేర్లవలె నున్నను, విడదీసి చూచినచో తండ్రి, నాయనమ్మ, పెదతండ్రి అందఱును అందున్నారు. తల్లి దేశమును తండ్రి యిల్లును ఒక్క పేరులో నిలిపిన యత్నమిది. కొణిదెల యను ఇంటిపేరు ఆ పేర్లలో కనబడకపోయినను, ఇల్లు కనబడుచునే యున్నది.

6. ఇతర దేశముల వాడుక

బ్రిటిషు రాజకుటుంబము 1917 జూలై 17న విండ్సర్ అను కుటుంబనామమును స్వీకరించెను. జర్మనీతో యుద్ధము జరుగుచుండగా, సాక్స్ కోబర్గ్ గోథా యను జర్మను పేరు ప్రజలకు రుచింపకుండెను. విండ్సర్ అనునది కోటగల యొక ఊరి పేరు. అనగా రాజును మన కందుకూరి, టంగుటూరివారివలెనే ఊరి పేరును ఇంటిపేరుగా చేసికొనెను. అదే సంవత్సరము బ్యాటెన్‌బర్గ్ వారు తమ జర్మను పేరును ఇంగ్లీషులోనికి మార్చి మౌంట్‌బ్యాటెన్ అయిరి. 2019 మే నెలలో యువరాజు హ్యారీ తన కుమారునకు ఆర్చీ మౌంట్‌బ్యాటెన్ విండ్సర్ అని పేరు పెట్టి, బిరుదు చేర్పకుండగా, అది రాజవంశమునకు తగిన పేరా యని చర్చలు జరిగెను. ఆర్చీ యనునది ఆర్చిబాల్డు అను పేరునకు ముద్దుపేరు. ముద్దుపేరే అసలు పేరగుట కొందఱికి వింత యయ్యెను. మన యిండ్లలో బుజ్జి, చిట్టి, బాబు అను పేర్లు బడి పుస్తకమునకు ఎక్కుట చూచినవారికి ఇది వింత కాదు.

2020లో అమెరికాలో ధనికుడగు ఎలాన్ మస్క్ తన కుమారునకు అక్షరములును అంకెలును కలిపిన పేరు పెట్టెను. కాలిఫోర్నియా రాష్ట్రపు నిబంధనల ప్రకారము పేరునందు ఇంగ్లీషు వర్ణమాలలోని 26 అక్షరములే యుండవలెను. కావున చివరనున్న 12 అను అంకెకు మాఱుగా రోమను అక్షరములు వ్రాసిరి. ఐస్‌లాండులో ప్రాయికముగా ఇంటిపేరే లేదు. తండ్రి పేరునకో తల్లి పేరునకో కుమారుడని, కుమార్తె యని అర్థమిచ్చు పదమును చేర్తురు. అచ్చట క్రొత్త పేర్లను పరిశీలించుటకు 1991లో సంఘ మేర్పడెను. ఒకచోట స్వేచ్ఛ, ఒకచోట కట్టుబాటు. ఏ దేశమునందైనను బిడ్డ మేలునకును తల్లిదండ్రుల యిచ్ఛకును నడుమ హద్దు వెదకుటయే పని.

7. ఇంటిపేరు ఎవరిది? న్యాయస్థానపు మాట

ఇంటిపేరు విషయమున తెలుగువారి వ్యవహార మొకటి మన దేశపు సుప్రీము కోర్టు వఱకు పోయినది. ఒక స్త్రీ, బిడ్డ కొన్ని నెలలవాడై యుండగా, భర్తను కోల్పోయెను. కొంతకాలమునకు ఆమె మరల వివాహమాడెను. బిడ్డకు మొదటి తండ్రి ఇంటిపేరే యుండవలెనని తాతయు నాయనమ్మయు కోరిరి. ఆంధ్రప్రదేశ్ హైకోర్టు వారి మాట నంగీకరించి, తల్లి రెండవ భర్తను రికార్డులలో సవతితండ్రిగా చూపవలెనని చెప్పెను. 2022 జూలై 28న సుప్రీము కోర్టు ఆ యాజ్ఞను తీసివేసెను. తండ్రి మరణించిన తరువాత బిడ్డకు తల్లియే సహజ సంరక్షకురాలు. ఆమెకు బిడ్డ ఇంటిపేరును నిర్ణయించు హక్కు కలదు. తానున్న యింటివారి పేరొకటి, తన పేరొకటి యైనచో ఆ భేదము బిడ్డ మనస్సును నిత్యము గాయపఱచును అని ఆ తీర్పు సారాంశము.

తాత, నాయనమ్మల దుఃఖమును మనము తేలికగా చూడరాదు. పోయిన కుమారుని గుర్తు మనుమని పేరులోనైనను మిగులవలెనని వారు కోరిరి. కాని న్యాయాధిపతులు ముందుగా చూచినది పెద్దల దుఃఖమును గాదు, పెరుగవలసిన బిడ్డను. ఇంటిపేరు వంశమునకు జెండా మాత్రమే కాదు. బిడ్డ ఏ యింట అన్నము తినుచున్నదో ఆ యింటివాడనను ధైర్యము గూడ.

8. తల్లిదండ్రులకును విద్యార్థులకును

తల్లిదండ్రులు బిడ్డకు పేరు పెట్టునప్పుడు మూడు సంగతులు తలచుట మేలు. మొదటిది, అర్థము: బిడ్డ పెద్దదై "నాకీ పేరేల పెట్టితిరి?" అని యడిగినప్పుడు చెప్పుటకు సంతోషకరమైన సమాధాన ముండవలెను. రెండవది, పలుకుబడి: బిడ్డయే తన పేరును తడబడక పలుకగలుగవలెను. మూడవది, వ్రాత: 1969వ సంవత్సరపు జనన మరణముల నమోదు శాసనము ప్రకారము పేరు లేకయే జననమును నమోదు చేయవచ్చును, 12 నెలలలోపల రుసుము లేకుండ, తరువాత 15 సంవత్సరముల వఱకు రుసుముతో పేరు చేర్చవచ్చును. కావున తొందరపడ నవసరము లేదు. 2023 అక్టోబరు 1 తరువాత పుట్టిన వారికి బడిలో చేరుట మొదలు పెక్కు పనులకు జనన ధ్రువపత్రమే ఆధారము. ఒకచోట ఇంటిపేరు ముందు, ఒకచోట వెనుక, ఒకచోట పొడి యక్షరము మాత్రము వ్రాసినచో, పదవ తరగతి పత్రమునాడు బిడ్డయే కార్యాలయముల చుట్టు తిరుగవలసివచ్చును.

విద్యార్థులారా, మీకు నియమ మొకటే. క్రొత్త పేరు వినినప్పుడు నవ్వుటకు ముందు అర్థ మడుగుడు. పేరు పెట్టుకొన్నది ఆ బాలుడు కాడు. అతడు అప్పటికి మాటలైనను రాని శిశువు. పేరుగల యింటి బిడ్డయైనను, పేద యింటి బిడ్డయైనను ఈ విషయమున సమానులే. ధనికుని బిడ్డ పేరు లోకమంతయు విని నవ్వును. పేదవాని బిడ్డ పేరు తరగతి మాత్రమే విని నవ్వును. నొప్పి మాత్రము ఒక్కటే. ఉపాధ్యాయులును హాజరు పుస్తకములోని పేరును సరిగా పలుకుట నేర్చి, బిడ్డ నడిగి దిద్దుకొనినచో, తరగతి వారిని చూచి నేర్చుకొనును.

"పేరు గొప్ప, ఊరు దిబ్బ" యని సామెత. ఎంత గొప్ప పేరైనను నడవడి లేనిదే దిబ్బయే. దీనిని తిరుగవేసి చూచినను నిజమే: పెంటయ్య యను పేరుగలవాడు సత్ప్రవర్తనము చేత ఊరికే మేలు చేసినచో, ఆ పేరు విని చేతులెత్తి నమస్కరింతురు. తల్లిదండ్రులు ఇచ్చిన పేరును మార్చుకొనుట అందఱికి వలనుపడదు. దానికి వన్నె తెచ్చుట మాత్రము అందఱికిని వలనుపడును.

అభ్యాసము

1. మీ ఇంటిపేరు ఊరినుండి వచ్చినదా, చెట్టునుండియా, ఉద్యోగమునుండియా? ఇంటిలోని పెద్దల నడిగి వ్రాయుడు.
2. మీ పేరు ఎవరు పెట్టిరి? దాని యర్థమేమి? అయిదు వాక్యములలో వ్రాయుడు.
3. తెలుగున ఇంటిపేరు ముందుండుటకు వ్యాకరణ కారణమును ఉదాహరణములతో వివరింపుడు.
4. సరోజిని, పద్మజ యను పేర్లకు గల సంబంధమెట్టిది?
5. మీ తరగతిలో మీరు సరిగా పలుకలేని పేరొకటి యెన్నుకొని, ఆ విద్యార్థినే అడిగి పలుకుట నేర్చుకొనుడు. దీనికి వ్రాత యవసరము లేదు.